భుజాల మీద ఇల్లు

ఊళ్ళు ఖాళీ చేసి, పట్నం పక్కన వేసిన ముళ్ళకంచెలోకి అందరూ వచ్చెయ్యాలని అమెరికా సైన్యం చాటింపు వేయించింది. క్రిస్మస్ దాటాక కంచె బయట మగవాడు కనబడితే కాలుస్తారు, గొడ్డు కనబడితే కాలుస్తారు, గింజ కనబడితే తగలబెడతారు. స్పెయిన్ వాడు ఓడిపోయాడని బతంగాస్ సీమ జనం చప్పట్లు కొట్టి నాలుగేళ్ళయినా కాలేదు. ఆ చప్పట్లు కొట్టిన చేతులు విరగ్గొట్టాలి. ఒక దొంగ దొడ్డిదారిన పోతుంటే ఇంకో దొంగ వీధి వాకిలి తీసుకుని లోపలికొచ్చాడు, అంతే తేడా.

చాటింపు విన్న పొద్దునే ఇలారియో ఇంటికి వెళ్ళింది బాసిల్యా. గుమ్మం ఎక్కకుండా వాకిట్లోనే నిలబడి, "అన్నా, నా ఇల్లు మొయ్యాలి" అంది.

ఇల్లు మొయ్యడమంటే ఆ ఊళ్ళో మాటవరసకు అనేది కాదు. వెదురు ఇళ్ళు, తాటాకులాంటి నీపా ఆకు కప్పులు. గుంజలు నేలకు దగ్గరగా కోసి, అడుగున పొడుగాటి బొంగులు కట్టి, ఊళ్ళో మగవాళ్ళంతా తలో చోట భుజం పెట్టి లేపితే ఇల్లు ఇల్లంతా నడిచిపోతుంది. దానికి కూలి లేదు, కుదరదనడం లేదు. ఇల్లు మొయ్యనన్నవాడి శవాన్ని మోసే దిక్కుండదని పెద్దల మాట. మోతకు ఇలారియోయే పెద్ద. అరవై దాటినా ముందు బొంగు ఇప్పటికీ అతనిదే.

"దానికి అడగాలా చెల్లెమ్మా? రేప్పొద్దున లేపేద్దాం. తిండిగింజలు విడిగా మూట కట్టుకో" అన్నాడు ఇలారియో.

బాసిల్యా అతని మొహంలోకి చూడలేకపోయింది. చూడలేకపోవడానికి కారణముంది. ఇలారియో పెద్దకొడుకు మియోన్ని కిందటి వానల్లో, అమెరికా సైన్యం మీద పోరాడుతున్న కొండల్లోవాళ్ళు చంపారు. అమెరికావాళ్ళకు కబుర్లు చేరవేస్తున్నాడని వాళ్ళ అనుమానం. నిజమో అబద్ధమో విచారించే తీరికెవరికుంది? గొయ్యి తవ్వి, బతికుండగానే పూడ్చేశారు. బాసిల్యా ఒక్కగానొక్క కొడుకు పోలోన్ ఆ కొండల దళంలోనే ఉన్నాడు. ఇప్పుడు తొడలో తుపాకిగుండు దిగి, పాకుతూ తల్లి దగ్గరికి వచ్చి, ఇంట్లో చాప చాటున పడున్నాడు.

వచ్చిన రోజే అడిగింది. "మియోన్ని పూడ్చినప్పుడు నువ్వున్నావట్రా?"

పోలోన్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తిరగడంలోనే జవాబు తెలిసింది ఆమెకు. ఒళ్ళు మండి చెంప పగలగొడదామనుకుంది. చెయ్యి మాత్రం వెళ్ళి వాడి వీపు నిమిరింది. కడుపు తీపి అలాంటిది. నీతులన్నీ పక్కింటి పిల్లలకే.

వాణ్ణి బయట వదిలేస్తే సైనికులు కాలుస్తారు. నడిపించుకు పోదామంటే కంచె వాకిట్లో మగవాళ్ళందరి బట్టలూ విప్పించి చూస్తున్నారు, ఒంటి మీద గుండు దెబ్బ కనబడితే ఉరి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇక మిగిలింది ఇంటికప్పు. మర్నాడు తెల్లారకముందే కొడుకుని దూలం మీదికెక్కించి, చాపలో చుట్టి, వాసాలకు తాళ్ళతో బిగించి కట్టింది. చుట్టూ నీపా ఆకుల కట్టలు పేర్చింది.

"ఏమైనా సరే నోరు విప్పకు. కింద నా పీక కోస్తున్నా సరే. విన్నావా?" అంది.

"ఊఁ" అన్నాడు పోలోన్. జ్వరంతో వాడి పళ్ళు టకటకలాడుతున్నాయి. నోట్లో గుడ్డ కుక్కి దిగివచ్చింది.

పొద్దెక్కేసరికి మోతగాళ్ళొచ్చారు. ఇలారియో చిన్నకొడుకు గాస్పర్ అందరికంటే ముందొచ్చాడు. వాడి నోరు వాడి మాట వినదు, పెళ్ళయినా శవమైనా పరాచికం పడాల్సిందే. అన్న పోయాక ఆ పరాచికాలకు పదును పెరిగింది గానీ తగ్గలేదు.

"అత్తా, ఈసారి ఇంటితోపాటు నిన్నూ మొయ్యాలా? అయితే నాకు ఇంకో భుజం కావాలి."

"ముందు ఉన్న భుజం సరిగ్గా పెట్టరా, తర్వాత కూద్దువుగాని."

"లెండిరా!" అని ఇలారియో కేక పెట్టాడు. ఇల్లు లేచింది. లేచిన మరుక్షణం అతని మెడ నరాలు ఉబ్బాయి, కనుబొమలు ముడిపడ్డాయి. "దించండి" అన్నాడు. దించి, బొంగులు సర్దుతున్నట్టు నటిస్తూ బాసిల్యా పక్కకు వచ్చాడు.

"ఏం పెట్టావమ్మా పైన?"

"ధాన్యం అన్నా."

"ధాన్యం కదలదు. నీ ధాన్యం కదులుతోంది."

బాసిల్యా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.  ఇలారియో ఆమె వంక చాలాసేపు చూశాడు. తర్వాత కప్పు వంక చూశాడు. ఆ ఇంట్లో దాచుకోదగ్గ మనిషి ఎవరో ఊళ్ళో ఎవరికి తెలియదు? మోయను పొమ్మంటే సరిపోయేది. సైనికులు ఇల్లు తగలబెట్టేవాళ్ళు, పెద్దకొడుకు పగ తీరిపోయేది. అతను మాత్రం కింద ఉమ్మేసి, మళ్ళీ ముందు బొంగు దగ్గరికి వెళ్ళాడు.

"లెండిరా! ఈసారి దించేది కంచెలోనే."

దారి పొడవునా పొగే. వెనక సైనికులు ఇంటింటికీ నిప్పు పెట్టుకుంటూ వస్తున్నారు. పోసిన ధాన్యం కుప్పలు మాడి కమురు వాసన. కట్టేసిన దున్నపోతుల్ని కట్టేసినట్టే కాల్చారు, అవి తాళ్ళు తెంపుకోబోయి మోకాళ్ళ మీద కూలాయి. తమ దున్నను విప్పుకొస్తానని వెనక్కి పరిగెత్తిన ఒకతను గట్టు మీద వెల్లకిలా పడున్నాడు. సగం మొహం లేదు. కాలిబాట ఇరుకు, రెండు పక్కలా బురద పొలం. ఇంటిని పక్కకు తిప్పడానికి వీల్లేదు. మోతగాళ్ళు ఒక్కొక్కరే అతన్ని దాటుకుంటూ, ఇల్లు తొణక్కుండా నడిచారు. చివరి వరసలో ఉన్నది అతని తమ్ముడే. వాడు కూడా దాటాడు. ఏడుస్తూనే దాటాడు, భుజం మాత్రం వదల్లేదు.

ఆ కుదుపులకు పోలోన్ గాయం తెగింది. రక్తం వాసం మీద నుంచి గుంజకు, గుంజ మీద నుంచి బొంగుకు జారి, గాస్పర్ భుజం మీద పడింది. గాస్పర్ ముందు చెమటనుకుని తుడుచుకున్నాడు. చెయ్యి చూసుకున్నాడు. పక్కన నడుస్తున్న బాసిల్యా అది చూసింది.

"పైనున్నది వాడేనా అత్తా?"

ఆమె చెయ్యి చాపి ఆ రక్తం తుడవబోయింది.

"మా అన్న నోట్లో మట్టి కొట్టినవాడు. నా భుజమెక్కి ఊరేగుతున్నాడా?"

"గాస్పర్, నీ కాళ్ళు పట్టుకుంటాను నాయనా."

"కాళ్ళు పనిలో ఉన్నాయి, తర్వాత పట్టుకుందువుగాని." వాడి దవడ బిగుసుకుపోయింది. "నాన్నకు తెలుసా?"

"తెలుసు."

గాస్పర్ పచ్చి బూతు తిట్టాడు. ఎవర్ని తిట్టాడో వాడికే తెలియాలి. "ఇల్లు దించనీ. వాడి పీక నేనే పిసుకుతాను, నువ్వు అడ్డం రాకు. అంతదాకా ఈ తెల్లవాళ్ళ చేతికి మాత్రం ఇవ్వను. మా ఇంటి పగ తీర్చడానికి వీళ్ళెవరు?"

కంచె వాకిట్లో లెఫ్టినెంటు ఒక పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. పాతికేళ్ళుంటాయేమో, ఎండకు మొహమంతా పొక్కిపోయి ఉంది. పక్కన దుబాసీ. ఈ దుబాసీ పక్క ఊరివాడే. స్పెయిన్ వాడున్నప్పుడు స్పానిషు మాట్లాడాడు, ఇప్పుడు ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు. రేపు దయ్యాలొచ్చి రాజ్యం చేసినా వాడికి ఉద్యోగం ఖాయం.

ఇల్లు భుజాల మీద ఉండగానే సోదా మొదలైంది. సైనికులు కింద నుంచి వెదురు నేలలోకి బాయినెట్లు దించారు. గోడల్ని పొడిచారు. మోతగాళ్ళ పంట్లాలు కిందికి లాగి ఒళ్ళు చూశారు, చేతులు ఖాళీగా లేని మనుషులు అలాగే నిలబడ్డారు. గాస్పర్ భుజం మీద రక్తం చూసి దుబాసీ ఆగాడు.

"ఇదేమిటి?"

"బొంగు ఒరుసుకుంది దొరా. ఈ ఇల్లుగలావిడ మాట ఎంత బరువో ఇల్లూ అంతే బరువు. కావాలంటే కాసేపు నువ్వు పట్టి చూడు."

దుబాసీ వాణ్ణి చెంప మీద కొట్టి ముందుకెళ్ళాడు. ఒక సైనికుడు ఇంకొకడి భుజమెక్కి బాయినెట్టు కప్పులోకి పొడిచాడు. తీసి మళ్ళీ పొడిచాడు. బాసిల్యా నాలుక కొరుక్కుంది, నోరంతా ఉప్పగా అయింది. ఆకుముక్కలు రాలాయి. మనిషి కేక వినబడలేదు. కత్తికి ఏమీ అంటలేదు. సైనికుడు దిగి, పొమ్మని చెయ్యి ఊపాడు.

మోతగాళ్ళు అడుగు వేశారు. బాసిల్యా ఊపిరి వదిలింది. ఆ వదలడంతోపాటే నోట్లోంచి మాట జారిపోయింది.

"పోలోన్, వచ్చెయ్ నాయనా, పోదాం."

అది ఆమె అన్నమాట కాదు, అలవాటు అన్నమాట. బెదిరిన చోట మనిషి ప్రాణం ఉండిపోతుందని అక్కడివాళ్ళ నమ్మకం. పిల్లాడు చెట్టు మీద నుంచి పడినా, ఏట్లో జారినా, కుక్క తరిమినా, ఆ చోటు వదిలేటప్పుడు పేరు పెట్టి వెంట పిలవాలి. బాసిల్యా కొడుకు పుట్టినప్పటి నుంచీ పిలుస్తూనే ఉంది. ఎన్నో చోట్ల నుంచి అలా పిలిచి ఇంటికి తెచ్చుకుంది. అమెరికావాడికి ఆ మాట అర్థమయ్యేది కాదు, విన్నా పట్టించుకునేవాడు కాదు. దుబాసీ మాత్రం అదే నీళ్ళు తాగి పెరిగినవాడు. వాడి తల్లి కూడా వాణ్ణి అలాగే పిలిచి ఉంటుంది.

"ఆగండి!" అని అరిచాడు. "ఎవర్ని పిలిచావ్?"

"నా కొడుకుని దొరా. చచ్చిపోయాడు. గుర్తొచ్చి..."

"చచ్చినవాణ్ణి ఎవరైనా వెంట రమ్మంటారా? ఉండిపొమ్మంటారు. రమ్మనేది బతికున్నవాణ్ణే, పక్కనున్నవాణ్ణే. ఎవరికి చెప్తున్నావ్ కథలు?" అంటూ లెఫ్టినెంటు వైపు తిరిగి ఇంగ్లీషులో గడగడా చెప్పాడు. మోతగాళ్ళలో ఒకడు కొండలవాడు, పేరు పోలోన్, ఇదిగో వాడి తల్లి.

ఛీ, ఆ నోరు పడిపోతే ఎంత బాగుండేదని బాసిల్యా తన నోటిని తనే తిట్టుకుంది. పడిపోలేదు.

లెఫ్టినెంటు లేచాడు. పోలోన్ ఎవడో తేలేదాకా ఇల్లు దించడానికి వీల్లేదన్నాడు. దించినవాణ్ణి కాల్చమన్నాడు. ఎండ నడినెత్తికొచ్చింది. ఇల్లు భుజాల మీద అలాగే ఉంది. మోకాళ్ళు వణకడం మొదలైంది. పైన ఎవరున్నారో ఇప్పుడు అందరికీ తెలుసు. ఒక్కడు కళ్ళెత్తి పైకి చూస్తే చాలు. ఎవరూ చూడలేదు. అన్న శవాన్ని దాటుకొచ్చిన ఆ వెనకవాడు కూడా నేలకేసే చూశాడు.

దుబాసీ ముందు వరసకు వచ్చాడు. "ముసలాడా, నువ్వు మోతపెద్దవి. నీ మనుషుల పేర్లు నీకు తెలుసు. పోలోన్ ఎవడు?"

"మా ఊళ్ళో ఆ పేరు కుక్కక్కూడా లేదు" అన్నాడు ఇలారియో.

సైనికుడు తుపాకి మడమతో అతని మోకాలి మీద కొట్టాడు. టక్కుమంది. ఇల్లు ముందుకు ఒరిగింది. ఇలారియో పళ్ళు బిగించి మళ్ళీ లేపాడు. రెండో మోకాలి మీద కొట్టాడు. అతను పడలేదు, గొంతులోంచి ఒక మూలుగు మాత్రం వచ్చింది. మూడో దెబ్బ మొహం మీద. పళ్ళు రాలి చొక్కా మీద పడ్డాయి.

"నేనేరా, కుక్కా!"

గాస్పర్ బొంగు కింద నుంచి బయటికొచ్చాడు. త్యాగమనీ పాడనీ ఎవరూ పేరు పెట్టక్కర్లేదు, తండ్రి పళ్ళు రాలడం చూసి వాడికి ఒళ్ళు తెలియలేదు. "నేనే పోలోన్ని. ముసలాణ్ణి కొట్టడం కాదు, ఇటు రా" అంటూ దుబాసీ మీద పడి, తలతో వాడి ముక్కు పగలగొట్టాడు. వాడి చోటు ఖాళీ అయ్యేసరికి ఇల్లు ఆ పక్కకు వాలింది. బాసిల్యా ఆలోచించలేదు, వెళ్ళి ఆ బొంగు కింద భుజం పెట్టింది. ఆడవాళ్ళు ఇల్లు మొయ్యడం ఆ ఊళ్ళో లేదు. కొడుకు రక్తంతో తడిసిన బొంగు ఆమె మెడకు జిగటగా అంటుకుంది.

నలుగురు కలిసి గాస్పర్ని వెల్లకిలా పడేశారు. పళ్ళ మధ్య కర్ర పెట్టి, కుండలతో ఉప్పునీళ్ళు పోశారు. కడుపు ఉబ్బి బిగిశాక ఒకడు బూట్లతో ఎక్కి తొక్కాడు. నోట్లోంచీ ముక్కులోంచీ నీళ్ళూ రక్తమూ చిమ్మాయి.

"తుపాకులెక్కడ దాచారు?" దుబాసీ ముక్కు పట్టుకుని అడిగాడు.

గాస్పర్ చాలాసేపు దగ్గాడు. "మీ అమ్మ... వంటింట్లో" అన్నాడు. "కూర గిన్నె కింద. కూర... మాడుతోంది, చూసుకో."

మళ్ళీ పోశారు. మళ్ళీ తొక్కారు. వాడికి తుపాకుల సంగతి నిజంగానే తెలియదు, చెబుదామన్నా చెప్పలేడు. ఇలారియో ముందు బొంగు కింద నిలబడి అంతా చూస్తున్నాడు. ఒక్క మాట చాలు. వాడు నా కొడుకు గాస్పర్, మీక్కావలసినవాడు కప్పులో ఉన్నాడు. ఆ మాట అంటాడని బాసిల్యా ప్రతి క్షణం అనుకుంది. అనాలి కూడా, అతని స్థానంలో తనుంటే ఎప్పుడో అనేసేది. అతను అనబోయాడేమో కూడా, నోరు తెరిచాడు. అప్పటికే లెఫ్టినెంటు విసుగెత్తి పిస్తోలు తీసి పేల్చాడు. గాస్పర్ తల పక్కకు ఎగిరింది, కాళ్ళు కాసేపు నేలను తన్ని ఊరుకున్నాయి.

దుబాసీ బాసిల్యాను జుట్టు పట్టి బొంగు కింద నుంచి శవం దగ్గరికి ఈడ్చాడు. మిగిలినవాళ్ళు కాళ్ళు ఎడం చేసి ఆ బరువు పంచుకున్నారు.

"నీ కొడుకేనా?"

 కాదంటే పైనున్నవాడు పోతాడు. ఔనంటే, కన్నతండ్రి ఎదురుగా ఎలా అంటుంది?

"నీ కొడుకేనా అంటే? ఏడుపైనా రాదేం?"

ముందు వరస నుంచి ఇలారియో గొంతు వినబడింది. పళ్ళు లేని నోట్లో మాటలు సరిగ్గా పలకడం లేదు. "ఏడువు చెల్లెమ్మా. నీ కొడుకు కదా. కడుపారా ఏడువు."

బాసిల్యా గాస్పర్ మీద పడి ఏడ్చింది. ఆ పగిలిన తలను ఒళ్ళో పెట్టుకుని, నా తండ్రీ, నా బంగారూ అంటూ గుండెలు బాదుకుంది. అందులో నటన ఒక్క చుక్క లేదు. పొద్దున తనతో పరాచికమాడిన నోరది. ఇలారియో అటు చూడలేదు. కంట నీరు పెడితే ఆ నీరే వాళ్ళకు దారి చూపిస్తుందని తెలుసు. లెఫ్టినెంటుకు తలనొప్పి వచ్చినట్టుంది, ఇల్లు లోపలికి పోనిమ్మన్నాడు. కొండలవాడి తల్లికి శవాన్ని కూడా ఇచ్చెయ్యమన్నాడు, నలుగురూ చూసి బుద్ధి తెచ్చుకుంటారని.

ఇల్లు కంచెలో చూపించిన చోట దించారు. బాసిల్యా చేతులతోనే గాస్పర్ని కంచె మూల పూడ్పించారు. కర్ర శిలువ మీద పోలోన్ పేరు రాశారు.

సాయంత్రం తలల లెక్క పెట్టారు. ఏ ఇంట్లో మగవాడు తక్కువైతే వాడు కొండలకు పారిపోయినట్టు, వాడి ఇంట్లో మిగిలినవాళ్ళు ఉరికి సిద్ధంగా ఉండాలి. ఇలారియో ఇంట్లో మిగిలింది మియోన్ పెళ్ళాం, పిల్లలు. గాస్పర్ పేరు పిలిచినప్పుడు ఇలారియో కర్ర ఊతతో ముందుకొచ్చి, "జ్వరంతో పడున్నాడు దొరా, రేపు చూపిస్తాను" అన్నాడు. ఊరు ఊరంతా విని ఊరుకుంది.

లెక్క అయిపోయాక అతను నేరుగా బాసిల్యా ఇంటికి వచ్చాడు. ఆమె అప్పుడే కొడుకుని కప్పులోంచి దించి, తొడకు గుడ్డ చుడుతోంది. పోలోన్ ఇలారియోను చూసి లేవబోయి పడ్డాడు.

ఇలారియో ఎదురుగా చతికిలబడ్డాడు. వాచిన మోకాళ్ళు ముడవడానికి చాలాసేపు పట్టింది.

"మా మియోన్ని పూడ్చినప్పుడు మట్టి ఎవరు లాగారు?"

బాసిల్యా కొడుకు నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. పోలోన్ ఆ చెయ్యి తీసేశాడు.

"నేనూ లాగాను మావా."

ఇలారియో తల ఊపాడు. అది విననట్టూ లేదు, క్షమించినట్టూ లేదు. "లే" అన్నాడు. "రేప్పొద్దున దుబాసీ వచ్చేసరికి మా ఇంట్లో, మా వాడి చాప మీద ఉండాలి నువ్వు. వాడి చొక్కా తొడుక్కో. మియోన్ పెళ్ళాం గంజి పెడితే తలెత్తకుండా తాగు."

బాసిల్యాకు అప్పుడు అర్థమైంది. ఆమె కొడుకు మధ్యాహ్నమే చచ్చిపోయాడు, ఊరంతా చూసింది, తనే ఏడ్చింది. ఈ కంచెలో, ఈ తెల్లవాళ్ళు ఉన్నన్నాళ్ళూ, వీడు తనవాడు కాదు.

"ఎన్నాళ్ళన్నా?" అంది.

"నాకేం తెలుసమ్మా. వాళ్ళు పోయేదాకానో, నేను పోయేదాకానో." పోలోన్ చంకలో చెయ్యి వేసి లేపాడు. "రేపట్నుంచి ఈవిడ నీకు అత్తరా. నోరు జారావో, నా మనవలు ఉరికెక్కుతారు."

పోలోన్ తల్లి వంక చూశాడు. పెదాలు కదిలాయి, పిలుపు మాత్రం రాలేదు. ఇద్దరూ కుంటుకుంటూ గుమ్మం దిగారు. ఎవరు ఎవరిని మోస్తున్నారో చెప్పడం కష్టం.

"అన్నా, వాడి కట్టు పొద్దున్నే మార్చాలి" అని బాసిల్యా గుమ్మంలోంచి అరిచింది.

ఇలారియో వెనక్కి తిరగలేదు. "నా కొడుక్కి ఏం చెయ్యాలో నాకు తెలుసు" అన్నాడు.